తాడు అడ్డంగా పోతాది

పోయిన వేసవిలో కిరణ్ ఒక నవల రాసి, ముందుమాట రాయమని నాకు పంపించాడు. కిరణ్ నా శిష్యుడు. ఈ మధ్యనే ఒక మెడికల్ కాలేజీలో ఫోరెన్సిక్ విభాగంలో చేరాడు. అంటే శవపరీక్ష చేసి, చావుకు కారణం రాసిచ్చే డాక్టరు. నేనూ ముప్పై రెండేళ్ళు అదే పని చేశాను. మొదట హైవే పక్కనున్న ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో, ఆ తర్వాత కాలేజీలో పాఠాలు చెబుతూ. ఇప్పుడు తిరుపతిలో ఇంటిపట్టునే ఉంటున్నాను. మోకాళ్ళు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి.

వరుస హత్యల నవల అది. అట్ట మీద నెత్తురు కారే చేయి ఉంటుందట. "రెండు పేజీలు చాలు మేడమ్. ఈ డిపార్టుమెంటంటే భయపడే పిల్లలకు ధైర్యం వస్తుంది" అన్నాడు. రెండు పేజీలే కదా అని కూర్చున్నాను. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసేసరికి నెల గడిచింది. ఆ రెండు పేజీలు రాకపోవడానికి నవల బాగోలేకపోవడం కారణం కాదు. అందులో ఉన్న అబద్ధాల్లో పెద్దది నా దగ్గర్నుంచి వెళ్ళింది. దాన్ని సరిదిద్దకుండా నా పేరు ఆ పుస్తకంలో పెట్టలేను. అందుకే ముందుమాట బదులు ఇది రాస్తున్నాను, ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం.

హంతకుడికి ఇంత తీరికా

ముందు నవల సంగతి. అందులో హంతకుడు ఏడుగుర్ని చంపుతాడు. గొప్ప చదువు, పెద్ద బంగళా. ఉద్యోగం చేసినట్టు ఎక్కడా లేదు. సాయంత్రం ఆరింటికి నాయుడుపేటలో ఒకర్ని చంపి, ఏడింటికల్లా చిత్తూరులో ఇంకొకరి తలుపు కొడతాడు. నేను ఆ దారిలో ఏళ్ళ తరబడి బస్సులో తిరిగినదాన్ని. రేణిగుంట చేరేసరికే ఆ గంట అయిపోతుంది.

ఇంకొక హత్య సూళ్లూరుపేటలో, సరిగ్గా రాకెట్ ఎగిరే క్షణంలో చేస్తాడు. ఆ ఉరుములో కేక వినపడదని ఎత్తు. వినపడకపోవచ్చు. కాని రాకెట్ ఎగిరే రోజు ఆ ఊళ్ళో మనిషి లేని మిద్దె ఉండదు. ఊరంతా పైకెక్కి నిలబడి ఉంటే వీడు పెరట్లో కత్తి తీస్తాడు. "జనం ఆకాశం వైపే చూస్తారు కదా మేడమ్" అన్నాడు కిరణ్. "నిప్పు కనపడేది రెండు మూడు నిమిషాలు నాయనా. మిగతా గంటసేపూ పక్క మిద్దె మీద ఎవరెవరున్నారో చూస్తారు" అన్నాను. నవ్వాడు కాని మార్చలేదు.

అన్నిటికన్నా నమ్మలేనిది ఏమిటంటే, వాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. పొడుగు కోటు తొడుక్కుని, నల్ల పెట్టె పట్టుకుని, మే నెలలో పుత్తూరు సందుల్లో నడుస్తాడు. మా వైపు కొత్త మనిషి సంచీతో వీధిలోకి వస్తే మలుపు తిరిగేలోపల ముగ్గురు అడుగుతారు, "యాడికి పోవల్లప్పా, ఎవురింటికి?" అని. నాలుగో మనిషి ఇల్లు చూపించడానికి వెంట వస్తాడు.

నా బల్ల మీదికి వచ్చిన హత్యల్లో తెలివైన హంతకుడు చేసింది ఒక్కటీ లేదు. గట్టు తగాదాలో చేతిలో ఉన్న పార ఎత్తినవాళ్ళు, తాగి పెళ్ళాన్ని తోసినవాళ్ళు. తోసి, ఆసుపత్రికి కూడా వాళ్ళే మోసుకొచ్చి, బయట చెట్టు కింద కూర్చుని తల కొట్టుకునేవాళ్ళు. వాళ్ళ మీద నవల రాస్తే ఎవరూ కొనరని కిరణ్ అంటాడు. నిజమే కావచ్చు.

ఇక నవలలో డాక్టరు. పేరు అపరాజిత. శవం పక్కన రెండు నిమిషాలు నిలబడి, "పది గంటల పదిహేడు నిమిషాలకు చనిపోయాడు. హంతకుడిది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు తల్లి ప్రేమ దొరకలేదు" అంటుంది. నేను ముప్పై రెండేళ్ళలో 'సుమారు' అనే మాట లేకుండా చావు టైము రాయలేదు. తల్లి ప్రేమ సంగతి కాలేయంలో కనపడదు. ఈ డాక్టరమ్మ నవల మొత్తంలో 'తెలీదు' అనే మాట ఒక్కసారి కూడా అనదు. ఆమె పక్కన ఒక మార్చురీ అటెండరు ఉంటాడు. వాడు పొద్దస్తమానం తాగి, తూలి, శవాల మీద పడుతుంటాడు. పాఠకుల్ని నవ్వించడానికట.

ఆ అటెండరు దగ్గర నా నవ్వు ఆగిపోయింది.

రేకుల గది

నేను మొదట పనిచేసిన ఆసుపత్రి పేరు చెప్పను. అక్కడ మార్చురీ అంటే వెనక గోడకు ఆనుకున్న ఒక రేకుల గది. ఒక సిమెంటు అరుగు, ఒక కొళాయి. కరెంటు పోతే తలుపు బార్లా తెరిచి ఆ వెలుతుర్లో పని చేసేవాళ్ళం. నేను అప్పటికి వట్టి ఎంబీబీఎస్. పొద్దున జ్వరాలు, దగ్గులు చూసి, మధ్యాహ్నం శవాలు చూడాలి. చిన్న ఊళ్ళలో ఇప్పటికీ అంతే. మీలో చాలామందికి మొదటి శవపరీక్ష స్పెషలిస్టుగా కాదు, ఏమీ తెలియని డ్యూటీ డాక్టరుగానే ఎదురవుతుంది. కాలేజీలో మా ప్రొఫెసర్ ఒకాయన చెప్పేవారు, "అమ్మాయ్, కత్తి పట్టుకునే ముందు చేతులు వెనక్కి కట్టుకుని ఐదు నిమిషాలు ఊరికే చూడు" అని. మంచి మాట. నేను దాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను, అంతే.

అక్కడ అటెండరు చెంగయ్య. నాకంటే పదేళ్ళు పెద్ద. చుక్క ముట్టడు. శనివారాలు ఒక్కపొద్దు ఉంటాడు. శవాన్ని కోసే ముందు దాని భుజం మీద చెయ్యేసి, "కొంచెం ఓర్చుకో తల్లీ" అనో "కొంచెం ఓర్చుకో నాయనా" అనో చెప్పేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. కోసేది చెంగయ్య, రాసేది నేను. చదువుకున్నదాన్ని కాబట్టి చూసేది కూడా నేనే అనుకునేదాన్ని.

రూతమ్మ చేయి

నేను చేరిన రెండో ఏడు రూతమ్మ వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఊరి చివర ఒంటరిగా ఉంటూ చెరుకు కోతలకూ చెనక్కాయలు పీకడానికీ కూలికి పోయేది. రెండు రోజులు కనపడకపోతే వెతికారు. వ్యవసాయ బావిలో తేలింది.

ఒళ్ళు నీళ్ళలో నాని ఉబ్బింది. ఎడమచేతి మీద, మణికట్టు నుంచి మోచేతి కిందిదాకా చర్మం నొక్కుకుపోయి గుర్తులున్నాయి. అక్కడక్కడ మరకలు. నేను చూడగానే నిర్ణయించేసుకున్నాను. 'చేయి తాడుతో కట్టేసిన గుర్తులు' అని రాయబోతుంటే చెంగయ్య వంగి చూశాడు.

"మేడమ్, ఇది తాడు గాదేమో. తాడు అడ్డంగా పోతాది. ఇది సూడండి, నిలువుగా గూడా ఉండాది. బద్దలు పెట్టినట్టుండాది."

"ఏం బద్దలు?"

"పుత్తూరు కట్టు మేడమ్. ఇప్పుడిప్పుడే ఇప్పినట్టుండారు."

పుత్తూరు కట్టు అంటే తెలియనివాళ్ళు మా వైపు ఉండరు. ఎముక విరిగితే సరిచేసి, ఆకు పసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు నిలువుగా పేర్చి, పైన గుడ్డతో బిగించి కడతారు. నేను పుట్టి పెరిగింది తిరుపతిలో. పుత్తూరు బస్సెక్కితే గంట దారి. అయినా ఆ కట్టు విప్పిన చేతిని అప్పటిదాకా నేను చూడలేదు. మా నాయనకు ఇంగ్లీషు మందుల షాపు ఉండేది. మా తమ్ముడు జామచెట్టు మీంచి పడి చేయి విరగ్గొట్టుకుంటే, మా అవ్వ పుత్తూరు పోదామని ఏడ్చింది. "నా ఇంట్లో ఆ మాట ఎత్తొద్దు" అన్నాడు నాయన. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. తర్వాత మెడికల్ కాలేజీలోనూ అంతే. పుత్తూరులో బాగైనవాళ్ళు మా దగ్గరికి రారు కదా. బాగుకానివాళ్ళే వస్తారు. మేం వాళ్ళను చూసి నాలుగు తిట్లు తిట్టి, ఆ విద్య మొత్తాన్ని అంచనా కట్టేసేవాళ్ళం. పక్క ఊరి సంగతి తెలియకపోవడాన్ని కూడా చదువు కిందే లెక్కేసుకున్నాం.

"నీ పని నువ్వు చూసుకో చెంగయ్యా" అన్నాను.

"రెండో చేతికి ఏం ల్యా మేడమ్, అందుకని..."

"ఒక చేతినే దేనికో కట్టేసి ఉంటారు."

చూడండి, సందేహం వచ్చిన చోటల్లా ఒక కథ అతికించాను. ఎముకలు విరిగాయా అన్న కాలమ్‌లో 'లేవు' అని రాశాను. చేయి కోసి చూడలేదు. ఉబ్బిన చేతిని పైనుంచి తడిమి రాశాను. ఆ రెండు అక్షరాలు రాయకుండా 'పరీక్షించలేదు' అని రాసినా సరిపోయేది.

కథ అతుక్కున్న తీరు

నెల తిరక్కుండా చెరువులో ఒక ముసలాయన తేలాడు. ఆయన మణికట్టుకు నిజంగానే తాడు గుర్తుంది. మా సర్కిల్ ఇన్‌స్పెక్టరు అప్పుడే కొత్తగా వచ్చాడు, చురుకైనవాడు. నా గదిలోకి వచ్చి, "డాక్టరమ్మా, రెండూ ఒకే చేతి పనిలాగుంది కదా?" అన్నాడు. నేను ఆలోచించకుండా, "పోలిక ఉంది" అన్నాను. ఆయన పాత ఫైల్లోంచి మూడో చావు ఒకటి తీశాడు. పేపర్లో వరుస హత్యలని రాశారు. ఆడవాళ్ళు చేలకు ఒంటరిగా పోవడం మానేశారు. పేపర్లో నా పేరు కూడా వచ్చింది. మా నాయన ఆ ముక్క కత్తిరించి షాపులో బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. నాకు సంతోషంగానే ఉండింది. దాచడం ఎందుకు.

ఆ ముసలాయన సంగతి ఇది. ఎనుమును చెరువులో కడగడానికి తోలుకుపోయాడు. పగ్గం చేతికి చుట్టుకున్నాడు. అది లోతుకు లాక్కుపోయింది. ఆ సాయంత్రం ఎనుము ఒక్కటే తడిసి ఇంటికొచ్చిందని ఆయన కోడలు మొదటిరోజే పంచనామాలో చెప్పింది. ఆ కాగితం ఫైల్లోనే ఉంది. హంతకుడు దొరికాక ఎనుము మాట ఎవరిక్కావాలి.

దొరికిన హంతకుడు దొరస్వామి. షేరు ఆటో నడిపేవాడు. చేతులు, కాళ్ళు విరిగినవాళ్ళను మా ఊరి నుంచి పుత్తూరుకు తీసుకుపోయి తీసుకురావడం అతని పని. రూతమ్మ చివరిసారిగా కనపడింది అతని ఆటోలోనే.

"కట్టు ఇప్పించుకోను పిల్చుకోని పోయినా సార్. మళ్ళా తెచ్చి ఊరి తావ దించినా. అంతే నాకు తెలిసింది" అన్నాడట స్టేషన్లో.

ఇన్‌స్పెక్టరు నా కాగితం బల్ల మీద పెట్టాడు. "చెయ్యి విరగలేదని డాక్టరు రాసింది. విరగని చేతికి కట్టేందిరా?"

దొరస్వామి చెప్పిన నిజం నా కాగితం పక్కన పెట్టేసరికి అబద్ధమైపోయింది.

ఊళ్ళోవాళ్ళకు తెలీదా అని మీరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కిరణ్ నవల పేజీల అంచుల్లో అలాంటివి ఇరవై రాశాను. ఊళ్ళోవాళ్ళకు తెలుసు. ఇద్దరు చెప్పారు కూడా, రూతమ్మ చేతికి కట్టుతో తిరిగిందని. ఏ చేతికి అంటే ఒకరు కుడి అన్నారు, ఒకరు ఎడమ అన్నారు. పుత్తూరులో రోజూ అంత జనంలో ఎవరికి ఎవరు కట్టారో గుర్తుండే వీలు లేదు. రూతమ్మ అన్న అయితే, "డాక్టరమ్మ అబద్దం రాస్తాదా?" అన్నాడు. నేను అబద్ధం రాయలేదు. చూడకుండా రాశాను. దొరస్వామికి రెండూ ఒకటే. బెయిలు రాలేదు. జైల్లో పెట్టారు.

చెంగయ్య చేయి

దొరస్వామి లోపలికి పోయి నాలుగు నెలలు దాటాక చెంగయ్య మార్చురీలో తడి నేల మీద జారిపడ్డాడు. కుడిచేయి విరిగింది. నేను చీటీ రాసిచ్చి, తిరుపతి పెద్దాసుపత్రికి పొమ్మన్నాను. చీటీ జేబులో పెట్టుకుని పుత్తూరు పోయాడు. నేను వారం రోజులు మాట్లాడలేదు.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం పనిలోకి వచ్చాడు. ఆ పొద్దునే కట్టు విప్పారట. నేను రాసుకుంటున్నాను. నా బల్ల ముందు నిలబడి, చొక్కా చెయ్యి పైకి మడిచి, చేతిని నా కాగితాల మీద పెట్టాడు. మణికట్టు నుంచి మోచేతి కిందిదాకా చర్మం తెల్లబారి నొక్కుకుపోయింది. గుడ్డ బిగించిన గీతలు అడ్డంగా ఉన్నాయి. వాటి కింద బద్దల గీతలు నిలువుగా ఉన్నాయి. పసరు మరకలు ఉన్నాయి.

"ఈ చెయ్యి ఎవురు కట్టేసినారు మేడమ్?" అన్నాడు.

గట్టిగా అడగలేదు. ఎగతాళిగానూ అడగలేదు. చాలాసేపు ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. మా ప్రొఫెసర్ చెప్పిన ఐదు నిమిషాలు నేను మొదటిసారి చూసింది అప్పుడే.

"పైకి రాస్తాను చెంగయ్యా" అన్నాను.

"రాయండి మేడమ్. ఆ దొరస్వామి మా వదిన తుంటి విరిగితే రెండు చేతుల్తో ఎత్తి ఆటోలో పడుకోబెట్టినోడు" అన్నాడు.

నాలుగు నెలలు

నేను రాయలేదు.

ముందు మా సూపరింటెండెంటు దగ్గరికి పోయాను. చెడ్డ మనిషి కాదు. టీ తెప్పించి, తలుపు దగ్గరికి వేసి చెప్పాడు. "అమ్మా, అడిగినదానికి జవాబు చెప్పడం మన పని. అడగనిదానికి జవాబు చెప్తే మనమే ముద్దాయి అవుతాం. కేసు కోర్టుకొస్తుంది. అవతలి లాయరు అడుగుతాడు, 'కట్టు అయ్యుండొచ్చా' అని. 'అయ్యుండొచ్చు' అను. సరిపోతుంది." నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదని కూడా గుర్తు చేశాడు. పై ఆఫీసర్లు ఇచ్చే సలహాల్లో ఇలాంటివే ప్రమాదం. అందులో ఒక్క మాటా తప్పు కాదు, మొత్తం కలిపితే ఒక మనిషి జైల్లోనే ఉంటాడు.

కోర్టుకు వస్తుందిలే, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. వారం తర్వాత చెంగయ్య అడిగాడు, "రాసినారా మేడమ్?" అని. "రాశాను" అన్నాను. అదీ నేను చెప్పిన అబద్ధం. ఆ తర్వాత అతను అడగలేదు. నేను అతని కళ్ళలోకి చూడటం మానేశాను. పని మాత్రం జరుగుతూనే ఉంది. జ్వరాలు, శవాలు, సంతకాలు.

ఒకరోజు అవుట్ పేషెంట్ల వరసలో ఒకామె చీటీ పట్టుకుని వచ్చింది. ఏమైందని అడిగాను.

"నాకేం కాలేదు మేడమ్. నా పేరు సరోజ. మా ఆయన దొరస్వామి." వెనక జనం ఉన్నారని గొంతు తగ్గించి చెప్పింది. "ఆ యమ్మ చెయ్యి ఇంకొక్కసారి సూడండి మేడమ్. కట్టు ఉండెనని మా ఆయన ఒట్టు పెట్టి చెప్తాండాడు."

"ఆమెను పూడ్చి ఏడాది కావస్తోందమ్మా" అన్నాను.

"మనిషి పోయినా ఎముక ఆడనే ఉంటాది గదా మేడమ్?"

ఎముకల గురించి ఐదున్నరేళ్ళు లావు లావు పుస్తకాలు చదివి, అంత చిన్న సంగతి ఆమె నోటి నుంచి వినాల్సి వచ్చింది. ఆమెకు ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. జ్వరం మాత్రలు రాసిచ్చాననుకుంటాను. ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాశాను. నా రిపోర్టులో తప్పుందని, చేయి పరీక్షించకుండా రాశానని, శవాన్ని బయటికి తీసి చూడాలని. కవరు అంటించి, తాసీల్దారు ఆఫీసులో ఇచ్చి రమ్మని చెంగయ్య చేతికే ఇచ్చాను. అతను కవరు వైపు చూశాడు, నా వైపు చూశాడు, వెళ్ళిపోయాడు.

రూతమ్మను చర్చి వెనక సమాధుల తోటలో పూడ్చారు. తాసీల్దారు, పోలీసులు, ఆమె అన్న నిలబడి ఉండగా పాస్టరు ప్రార్థన చేశాడు. చెంగయ్య గుంతలోకి దిగి, "కొంచెం ఓర్చుకో తల్లీ" అన్నాడు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. ఎడమచేతి ఎముక మీద, విరిగి అతుక్కున్నచోట, చింతగింజంత బొడిపె ఉంది. వేలు పెడితే తగిలింది. బతికున్నప్పుడే విరిగి, నయమవుతూ వచ్చిన ఎముక. రూతమ్మ అన్న కూడా వేలు పెట్టి చూశాడు. చూసి పక్కకు పోయి కూర్చున్నాడు.

ఆమె ఎలా చనిపోయిందని అడిగితే, తెలీదు అన్నాను. కట్టు విప్పిన కొత్తలో చేతికి పట్టు ఉండదు. బావి మెట్ల మీద జారి ఉండొచ్చు. ఎవరూ చూడలేదు. అంతకన్నా చెప్పలేను. అది నేను సరిగ్గా రాసిన మొదటి రిపోర్టు.

రూతమ్మ చేతికి తాడే లేదని తేలాక మిగతా రెండు చావుల్నీ అతనికి ముడిపెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఇంకో నెలకు దొరస్వామి బయటికొచ్చాడు. మొత్తం పదకొండు నెలలు. అందులో మొదటి ఆరు నెలలు నా తప్పు. తర్వాతి నాలుగు నెలలు తప్పు కాదు, తెలిసి చేసింది. వచ్చాక అతని ఆటో ఎవరూ ఎక్కలేదు. వదిలేశారంటే చేయలేదని కాదు కదా అనేది ఊరు. కొన్నాళ్ళకు సూళ్లూరుపేట వైపు ఏదో కంపెనీలో పనికి కుదిరాడని విన్నాను. నేను పోయి కలవలేదు. పోదామని బస్టాండుదాకా వెళ్ళి తిరిగొచ్చిన రోజు ఒకటుంది.

క్లాసులో చెప్పిన కథ

తర్వాత పీజీ చదివి కాలేజీలో చేరాను. ప్రతి ఏడూ ఈ కేసు చెప్పేదాన్ని. పిల్లలు రాసుకోవడం ఆపి వినేవాళ్ళు. ఎలా చెప్పేదాన్నంటే, "ఒకరోజు మా అటెండరు చేయి చూశాను. నాకు అనుమానం వచ్చింది. శవాన్ని బయటికి తీయించాను. ఒక నిర్దోషి బయటపడ్డాడు." ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. మొదటిరోజే చెంగయ్య చెప్పిన మాట లేదు. నాలుగు నెలలు లేవు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు, నేను కొట్టించుకునేదాన్ని.

కిరణ్ ఆ క్లాసులో మూడో బెంచీలో కూర్చునేవాడు. అతని నవలలో తొమ్మిదో అధ్యాయం తెరవగానే నాకు తెలిసిపోయింది. హంతకుడు ప్రతి శవం చేతికీ వెదురు బద్దల గుర్తు పెడతాడు, అది వాడి సంతకం. డాక్టర్ అపరాజిత రెండు నిమిషాల్లో కనిపెడుతుంది. అటెండరు తాగి ఉంటాడు. అపరాజిత అంటే నేనే. అంత నమ్మలేని డాక్టరును కిరణ్ ఊహించి రాయలేదు. నేను చెప్పిందే రాశాడు.

మొన్న శనివారం ఆ నవల కాగితాలు తీసుకుని చెంగయ్య ఇంటికి పోయాను. పుత్తూరు దగ్గర కూతురింట్లో ఉంటున్నాడు. కళ్ళు సరిగ్గా కనపడవు. ఒక్కపొద్దు ఇప్పటికీ మానలేదు. కుర్చీ వేయించి, కూతురుతో మజ్జిగ తెప్పించాడు. నవలలో కథ అంతా చెప్పాను.

"నేనేం చేస్తా మేడమ్ అందులో?"

"తాగుతావు చెంగయ్యా."

చాలాసేపు నవ్వాడు. "పోనీలెండి. ఈ జన్మకు అదొక్కటీ మిగిలిపోయుండె" అన్నాడు.

ధైర్యం చేసి ఆ నాలుగు నెలల సంగతి ఎత్తాను. అప్పుడు రాశానని చెప్పింది అబద్ధమని, రాయలేదని చెప్పాను. అతను మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"తెలుసు మేడమ్. తాసీల్దారు ఆపీసుకు కవరు తీసకపోయింది నేనే గదా. ఇంతకుముందు ఏమన్నా వచ్చిందా అని ఆడ గుమాస్తాను అడిగితిని. ఇదే మొదటిది అన్యాడు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"ఒకసారి నేను చెప్తిని. రెండోసారి చెప్పాల్సింది మీరు గదా."

మళ్ళీ గ్లాసు చేతిలోకి తీసుకుని చెంగయ్య అడిగాడు. "ఆ కతలో దొరస్వామి ఉండాడా మేడమ్?"

"లేడు" అన్నాను. నిజంగానే లేడు. మూడు వందల ఎనభై పేజీల్లో హంతకుడున్నాడు, డాక్టరుంది, ఇన్‌స్పెక్టరున్నాడు. తప్పుగా పట్టుబడిన ఆటో డ్రైవరు ఎక్కడా లేడు.

చెంగయ్య కనపడని కళ్ళతో నా వైపు తిరిగాడు. "లేడా? మరి ఆ పదకొండు నెల్లు లోపల ఉండింది ఎవురు మేడమ్?"

కిరణ్‌కు నేను చెప్పాల్సిందంతా ఆ ప్రశ్నలోనే ఉంది. నాయుడుపేట నుంచి చిత్తూరుకు గంటలో పోయినా పోనీ. రాకెట్ కింద హత్య జరిగినా జరగనీ. చదివేవాళ్ళు క్షమిస్తారు. కాని డాక్టరు ఒక్క మాట తప్పు రాస్తే లోపల కూర్చునే మనిషి ఒకడుంటాడు. వాణ్ణి తీసేస్తే ఆ కథలో డాక్టరుకు ఏమీ కాదు. అందుకే నేను ఇన్నేళ్ళూ తీసేసి చెప్పాను.

లేచి వస్తూ అడిగాను, "దొరస్వామి ఇప్పుడు ఎక్కడుంటాడో తెలుసా?"

"తెలుసు. సూళ్లూరుపేటలోనే ఉండాడు, కొడుకు తావ." కూతుర్ని పిలిచి, ట్రంకుపెట్టెలో అడుగున మడతపెట్టిన చీటీ ఒకటి తెమ్మన్నాడు. కాగితం పసుపురంగుకు తిరిగింది. "ఇండ్లు మారినప్పుడంతా కొట్టేసి మళ్ళా రాయిస్తాండా మేడమ్. మీరు ఒకనాడు అడుగుతారని."

ఆ చీటీ మీద మూడు అడ్రసులు కొట్టేసి ఉన్నాయి. నాలుగోది ఇప్పుడు నా కళ్ళద్దాల పెట్టెలో ఉంది. రేపు పొద్దున వెళ్తున్నాను, ఈసారి బస్టాండు నుంచి తిరిగి రాను. ఈ కాగితాలు ముందు దొరస్వామికి చదివి వినిపిస్తాను. ఆయన సరేనంటేనే కిరణ్‌కు పంపిస్తాను.